సెల్లీ ఓక్‌లో మధ్యలో ఇరుక్కున్న ఇల్లు

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో లోకల్ రైలెక్కితే మూడో స్టాప్ సెల్లీ ఓక్. మాస్టర్స్ చదివేటప్పుడు ఏడాది పాటు ఇక్కడే ఉన్నా. ఉద్యోగంలో పడ్డాక మొన్న ఒక శనివారం మళ్లీ వెళ్లా.

స్టేషన్ దిగి బ్రిస్టల్ రోడ్ వైపు నడిస్తే రెండు పక్కలా గోడకి గోడ ఆనుకుని ఎర్ర ఇటుకల ఇళ్లు. కట్టింది ఒక్కో కుటుంబం కోసం. ఇప్పుడు చాలా ఇళ్లకి 'టు లెట్' బోర్డు, ముందు వరసగా చెత్త డబ్బాలు. పట్టపగలు ముందు గదికి కర్టెన్ వేసి ఉందంటే అది హాలు కాదు, ఎవరో స్టూడెంట్ బెడ్‌రూమ్ అని అర్థం. మా ఇంట్లో ఆ గది నాదే. ఐదుగురం తెలుగోళ్లం, ఒకటే వంటిల్లు. కుక్కర్ కోసం వంతులు!

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇంటిని హెచ్‌ఎంఓ అంటారు. ఒకే కుటుంబం కాని ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది వంటిల్లో బాత్రూమో పంచుకుని ఉండే ఇల్లు. అసలు మెలికంతా ఆ వంటింట్లోనే ఉంది. ఒక ఇంటిని విడివిడి ఫ్లాట్లుగా మార్చాలంటే ప్లానింగ్ పర్మిషన్ కావాలి. అదే గదులకి తాళాలు పెట్టి, వంటిల్లు ఉమ్మడిగా ఉంచి ఆరుగురి వరకు అద్దెకిస్తే 2010 అక్టోబర్ నుంచి పర్మిషన్ అక్కర్లేదన్నారు. యూనివర్సిటీ పక్కనే ఉన్న ఏరియా. ఇంకేముంది, ఓనర్లు ఊరుకుంటారా?

అయితే కౌన్సిల్ 'ఆర్టికల్ 4' అనే ఆర్డర్‌తో ఆ వెసులుబాటు తీసేయొచ్చు. సెల్లీ ఓక్, ఎడ్జ్‌బాస్టన్, హార్బోర్న్‌లలో 2014లో తీసేశారు, 2020 జూన్‌లో సిటీ మొత్తానికీ. ఇప్పుడు ఎవరైనా పర్మిషన్ అడిగితే లెక్క ఇదీ: చుట్టూ 100 మీటర్లలో ఇలాంటి ఇళ్లు 10 శాతం దాటకూడదు. కుటుంబం ఉండే ఇల్లు రెండు హెచ్‌ఎంఓల మధ్య ఇరుక్కోకూడదు. కానీ అప్పటికే మారిపోయిన ఇళ్ల జోలికి ఇది వెళ్లదు.

మా పక్కింటావిడ అలా ఇరుక్కున్న మనిషే. డెబ్బై దాటింది. ఏ డబ్బా ఏ రోజు బయట పెట్టాలో మాకు నేర్పింది ఆవిడే. బర్మింగ్‌హామ్ వాళ్లు ముద్దుగా 'బ్యాబ్' అంటారు. మొదటిసారి విన్నప్పుడు 'బాబూ' అని పిలిచిందేమో అనుకున్నా.

ఈసారి తలుపు కొడితే గుర్తుపట్టింది, టీ ఇచ్చింది. మాటల్లో అసలు విషయం చెప్పింది. మెట్లెక్కలేకపోతోంది, ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోదామని. చూడ్డానికి వచ్చిన కుటుంబాలు రెండు పక్కలా స్టూడెంట్లని తెలియగానే వెనక్కి తగ్గుతున్నారట. అద్దెకిచ్చే ఓనర్లకి ఇల్లు నచ్చుతోంది, కానీ కొత్త పర్మిషన్ దొరకడం కష్టమని బాగా తక్కువకి అడుగుతున్నారట. "ఈ రూల్ నాలాంటి వాళ్ల కోసమేనన్నారు బ్యాబ్. కాస్త లేటుగా వచ్చింది" అంది. ఆ మాటకి నాకు నోరు పెగల్లేదు. ఆవిడకి గోడ అవతల అర్ధరాత్రి పోపు పెట్టింది మేమే కదా.

అలాగని రూల్ కరెక్టే అనేద్దామంటే, అది ముందే వచ్చుంటే నాకా గది దొరికేది కాదు. స్టూడియో ఫ్లాట్ అద్దె కట్టే స్తోమత మాకెక్కడిది? హైదరాబాద్‌లో 'ఫ్యామిలీస్ ఓన్లీ' బోర్డులు చూసి తిట్టుకుంటూ తిరిగిన బ్యాచిలర్‌నే నేనూ. ఇక్కడ పేరు మారింది, లెక్కలు వేశారు, అంతే. 10 శాతం అనేది ఇళ్ల లెక్క. చదువుకోడానికి వచ్చేవాళ్లు ఎక్కడ ఉండాలన్నది అందులో లేదు.

యూకే వస్తున్నవాళ్లకి ఒక్క మాట. ఇంగ్లండ్‌లో ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉండే హెచ్‌ఎంఓకి లైసెన్స్ తప్పనిసరి. అలాంటి ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, అంటే సుమారు 70 చదరపు అడుగులు ఉండాలి. ఇద్దరికైతే 10.22. లైసెన్స్ ఉందో లేదో కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎవరైనా చూడొచ్చు. అడ్వాన్స్ కట్టకముందే చూడండి. నేను చూడలేదు. ముందు గదిని మధ్యలో చెక్క గోడతో చీల్చి సగం నాకిచ్చారని తాళం చేతికొచ్చాకే తెలిసింది. కిటికీ కూడా సగమే!

బయటికొచ్చేసరికి మా పాత ఇంటి డబ్బా ఒకటి ఆవిడ గేటుకి అడ్డంగా ఉంది. లోపలికి జరిపి స్టేషన్‌కి నడిచా.