బాపు రాసిన మోట

కొడిమ్యాలకు పోయినప్పుడల్లా బాపు నోటినుంచి ఒక్కటైనా కొత్త మాట దొరుకుతుంది. కొత్తదంటే నాకు కొత్త. గుంటుక, కచ్చురం, మోట... ఇవన్నీ నాకు తెలిసినవే అనుకునేవాణ్ణి, ఆయన చెప్పడం మొదలుపెట్టేదాకా. రెండేళ్ళ కింద ఈ మాటలు కూడబెట్టడానికి ఒక చిన్న సైటు కట్టాను. రాసేది బాపు, చదివేది మా ఇంటివాళ్ళు పదిమంది.

దానికి జాంగో వాడాను. అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్ళో, ఒక వార్తాపత్రిక వెబ్‌సైటు కోసం పుట్టి 2005లో బయటికొచ్చిన ఫ్రేమ్‌వర్క్ అది. పత్రికాఫీసు పుట్టుక వల్లనేమో, మనిషి రాసిన దాన్ని జాగ్రత్తగా చూసుకుంటుంది. ఫారంలో తప్పుంటే ఎర్రక్షరాల్లో చెప్పి, మనం రాసింది మళ్ళీ మన ముందే పెడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చెడగొట్టాను.

బాపుకు తెలుగు కీబోర్డు రాదు. రిటైరైన టీచరు కాబట్టి ఇంగ్లీషక్షరాలతో ఇబ్బంది లేదు. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలో చదివేటప్పుడు (మా మండలమే, ఇంటినుంచే పోయొచ్చేవాణ్ణి) నేను మొదట తెలుగు కొట్టింది వీవెన్ గారి లేఖినిలో. ఇంగ్లీషక్షరాలు కొడుతుంటే కిందిపెట్టెలో తెలుగు పడుతుంది. ఆ మార్పిడంతా బ్రౌజర్లోనే, జావాస్క్రిప్ట్‌తోనే జరుగుతుంది, సర్వర్‌కు దాంతో పనే లేదు. లేఖిని వెనక నాగార్జున వెన్న గారి పద్మ ఉంది, దానికీ ముందు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీయెస్ పద్ధతి ఉంది. నెట్‌లో తెలుగు సాహిత్యం గురించి ఇంత రాసుకుంటాం గానీ, దాన్ని కొట్టనిచ్చిన ఈ కోడు గురించి ఒక్క మంచి వ్యాసం నా కంటపడలేదు.

అలాంటిదే నేనూ చేత్తో రాశాను, రెండొందల లైన్లు. ఇక్కడే నా తెలివి ఎక్కువైంది. జాంగో ఇచ్చిన పెట్టె అందంగా లేదని దాన్ని దాచేసి, దాని స్థానంలో నా సొంత పెట్టె ఒకటి పెట్టాను. బాపు నా పెట్టెలో రాస్తాడు, నా స్క్రిప్టు దాన్ని దాచిన పెట్టెలోకి ఎత్తిపోస్తుంది, సర్వర్ ఆ దాచిన పెట్టెనే చూస్తుంది. అంటే ఒకే రాతకు రెండు ఇళ్ళు. ఏది అసలుదో నేను ఎక్కడా తేల్చలేదు.

పొడుగు రెండువేలకు మించకూడదని పెట్టాను. పక్కనే ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది. బాపు పరీక్షకోసం ఊరిపేరు కొట్టి చూశాడు. కొడిమ్యాల అంటే మనకు నాలుగక్షరాలే. యూనికోడ్‌లో తొమ్మిది సంకేతాలు: ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో దాచితే ఇరవయ్యేడు బైట్లు. "నాలుగక్షరాలకు తొమ్మిది కోస్తరా, ఇదేం లెక్కరా?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా.

ఒక ఆదివారం మోట గురించి రాశాడు. గంటన్నర. తోలు బొక్కెన, దాన్ని బాయిలోంచి లాగే ఎడ్లు, ఏ ఎద్దు మొండిది, నీళ్ళు కాలువలో పడేటప్పటి చప్పుడు. నోటుబుక్కులో రాసే అలవాటు కొద్దీ లైను నిండగానే ఎంటర్ కొట్టుకుంటూ పోయాడు, ఇరవైమూడు సార్లు. నా లెక్క 1990 చూపించింది. పంపాడు.

బ్రౌజరు ఫారం పంపేటప్పుడు ప్రతి ఎంటర్‌నూ రెండు సంకేతాలుగా పంపుతుంది. నా స్క్రిప్టు ఒకటిగా లెక్కపెట్టింది, సర్వర్ రెండుగా. అక్కడ 2013 అయింది. జాంగో తన పద్ధతి ప్రకారం ఒప్పుకోలేదు, తన పద్ధతి ప్రకారమే బాపు రాసిందంతా భద్రంగా దాచిన పెట్టెలో పెట్టి వెనక్కి పంపింది. పేజీ తెరుచుకోగానే నా స్క్రిప్టు లేచింది. నా పెట్టె ఖాళీగా ఉంది. ఆ ఖాళీని తీసుకెళ్ళి దాచిన పెట్టెలోకి ఎత్తిపోసింది.

ఫోనొచ్చింది. "మొత్తం పోయింది రా. నేనే ఏదో ఒత్తిన."

హైదరాబాదులో కూర్చుని సర్వర్‌లో వెతికాను. కాదన్న రాతను అది ఎక్కడా దాచుకోదు. కారణం ఆ రాత్రే దొరికింది. చెప్పడానికి రెండ్రోజులు పట్టింది. ఆ రెండ్రోజులూ ఆయన తనదే తప్పనుకున్నాడు, అమ్మతో కూడా అదే అన్నాడట. నేను అనుకోనిచ్చాను.

తర్వాత నా పెట్టె పీకేశాను. ఇప్పుడు జాంగో ఇచ్చిన పెట్టె ఒక్కటే ఉంది. నా స్క్రిప్టు దానిమీదే పనిచేస్తుంది, స్క్రిప్టు చచ్చిపోయినా ఫారం నడుస్తుంది. ఎంటర్‌ను రెండు వైపులా ఒకటిగానే లెక్కపెడతాను. పాత అర్థాల్ని టెంప్లేట్‌లోంచి కొటేషన్ల మధ్య స్క్రిప్టులోకి గుచ్చే అలవాటు కూడా మానేశా. ముందు కొటేషన్ గుర్తులు పిచ్చిగుర్తులుగా కనబడేవి, అవి పోవడానికి "సేఫ్" అని తగిలిస్తే బాపు కొట్టిన ఒక్క ఎంటర్‌కే స్క్రిప్టు మొత్తం కూలేది. 2018లో, 2.1 వెర్షన్‌తో, జాంగోలో జేసన్‌స్క్రిప్ట్ అనే ఫిల్టర్ వచ్చింది. సమాచారాన్ని సమాచారంగానే పేజీలో ఒక పక్కన పెడుతుంది, స్క్రిప్టు వచ్చి చదువుకుంటుంది. మొదటినుంచీ అదే వాడాల్సింది.

మొత్తం రియాక్ట్‌లో రాసుంటే గొడవే ఉండకపోవునని ఆఫీసులో ఒక మిత్రుడన్నాడు. పదిమంది చదివే పేజీకా?

బాపుకు నిజం చెప్పినప్పుడు ఏమీ అనలేదు. దసరాకు మోట మళ్ళీ రాశాడు. ఈసారి నోటుబుక్కులో రాసుకుని, చూసి కొట్టాడు. పన్నెండు లైన్లు. మొండి ఎద్దు లేదు, చప్పుడు లేదు.

"మొదటిదే మంచిగుండె," అన్నాడు.