ఎత్తు

హుప్సోస్. ఇది గ్రీకు మాట. కొత్త నిబంధనలో ఆరుచోట్ల వస్తుంది. ఎత్తు అని అర్థం. గోడకుండే ఎత్తూ ఇదే, ఆకాశం ఎత్తూ ఇదే, మనిషికి దక్కే గౌరవమూ ఇదే. మూడిటికీ ఒకటే మాటేమిటని పండితులు పేజీలు పేజీలు రాశారు. మా పేటలో పుట్టినోడికి ఇందులో వింతేమీ లేదు. మా ఊళ్ళో కూడా ఎత్తూ గౌరవమూ రెండూ ఒకటే.

ఊరు మెరక మీద, పేట పల్లంలో. వానొస్తే ఊళ్ళో నీళ్ళన్నీ మా గుమ్మాల్లోకే. ఊరిబావికి గట్టు ఉండేది. మాయమ్మ ఆ గట్టు కింద బిందె పెట్టుకుని నిలబడితే, పైనున్నోళ్ళకి దయపుట్టినప్పుడు చేద బిందెకి తగలకుండా ఎత్తునుంచి పోసేవాళ్ళు. సగం బిందెలో, సగం ఆమె మీద. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. తన చెప్పులు మాత్రం ఊళ్ళోకి పోయేటప్పుడు చేతిలో పట్టుకునేవాడు. మా నాయిన సైకిలు మీద పోతా పోతా పెద్దోళ్ళ అరుగు కనిపిస్తే దిగి నడిపించుకుంటా పోయేవాడు. ఆసామి నులకమంచం మీద, మా నాయిన నేలమీద. పంచె మోకాలు దిగితే, తలగుడ్డ తలమీదే ఉండిపోతే, ‘ఏరా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?’ అనేవాళ్ళు. టేపు లేకుండా మా ఎత్తు కొలవడం వాళ్ళకి బాగా తెలుసు.

ఈ కొలతనుంచి తప్పించుకోడానికే మా పెద్దలు ఏసుక్రీస్తు దగ్గరికి పోయారు. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తరవాత 1876-78 కరువు వచ్చింది. మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని కాంట్రాక్టుకి తీసుకుని మా జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువులో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. ఎక్కువమంది మాదిగలు. అయినా ‘బియ్యం క్రైస్తవులు’ అన్న ఎగతాళి పోలేదు. ఆకలయినోడు అన్నం అడిగితే తప్పు, గౌరవం అడిగితే ఇంకా తప్పు. ఏట్లో ముంచి పైకి లేపినప్పుడు మనిషి పైకి లేచినట్టేనని మావాళ్ళు నమ్మారు.

నేను కాలేజీ చదువుకి టౌనుకొచ్చి ఒక చర్చికి పోయేవాణ్ణి. అందులో అగ్రకులాలనుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉండేవి. ముందు బెంచీలు వాళ్ళవి. వాక్యం చదివేది వాళ్ళు, లెక్కలు రాసేది వాళ్ళు. చాపలు పరిచేది, గంట కొట్టేది మావాళ్ళు. ‘ఒక్క ఆదివారం మా కుర్రాళ్ళు వాక్యం చదవకూడదా అండీ?’ అని ఒక కమిటీ పెద్దని అడిగాను. ఆయన నవ్వాడు. ‘చూడబ్బాయ్, తగ్గించుకున్నోణ్ణే దేవుడు హెచ్చిస్తాడు. హెచ్చించుకుంటే ఆయనే తగ్గిస్తాడు. వాక్యంలోనే ఉందిగా’ అన్నాడు.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు మాయమ్మకి చెప్పాను. ఆమెకి చదువు రాదు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తా, ‘ఇంకెంత తగ్గాలంటరా నాయినా? ఉన్నది నేలమీదేగా. నేల్లోకి దిగాల్నా?’ అంది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటానే నేను వేదాంత కళాశాలకి పోయానని చెప్పొచ్చు. అక్కడ గ్రీకు నేర్చుకున్నాను. హెచ్చించడం, తగ్గించడం అన్న ఆ మాట సువార్తల్లో ఎక్కడెక్కడ ఉందో చూశాను. మూడుచోట్ల ఉంది. మత్తయి 23లో, విందుల్లో పైపీటలు, సమాజమందిరాల్లో ముందుపీటలు కోరుకునే శాస్త్రుల గురించి. లూకా 14లో, ఒక పరిసయ్యుల పెద్ద ఇంట్లో భోజనానికి పోయి మొదటి చోట్ల కోసం ఎగబడే అతిథుల గురించి. లూకా 18లో, గుడిలో నిలబడి ‘నేను వీడిలాంటోణ్ణి కాదు’ అనుకున్న పెద్దమనిషి గురించి. మూడూ పైన కూర్చున్నోళ్ళకి తగిలే మాటలే. పిలుపే లేని మా పేటకి ఆ మాటని తిప్పిందెవరు? విందుకి పిలిచి, కూర్చోబెట్టి, అప్పుడు చెప్పండి తగ్గమని. లూకా 14లో ఆ మాట తరవాత రెండు వాక్యాలు చదవండి. విందు చేస్తే బీదల్ని పిలవమని ఉంది. కమిటీ పెద్ద అంతదాకా చదవలేదు.

అక్కడ ‘హెచ్చించు’ అని మన తెలుగు బైబిల్లో ఉన్న క్రియ హుప్సోస్ నుంచి పుట్టిందే. ఇక అసలు మాట సంగతి. ఆ ఆరుచోట్లా తెలుగులో ఒకే మాట కనపడదు. ఒకచోట ‘పైనుండి’ అయింది, ఇంకోచోట ‘ఎత్తు’ అయింది, మరోచోట ‘ఆరోహణం’ అయింది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తొమ్మిదో వచనంలో ‘ఉన్నతదశ’ అయింది. అనువాదకుల్ని నేను తిట్టడంలేదు. సందర్భాన్ని బట్టి మాట మార్చడం అనువాదంలో మామూలే. కానీ ఉన్నతదశ అనేసరికి అది మనసులో కలిగే స్థితో, చచ్చాక పరలోకంలో వచ్చేదో అనిపిస్తుంది. గోడ కొలిచిన మాటే ఇక్కడ మనిషికీ వాడారని చదువరికి తెలియదు.

ఆ వచనంలోనే ‘దీనుడు’ అని ఉంది. గ్రీకులో తపైనోస్. పల్లపు నేలని కూడా గ్రీకువాళ్ళు ఆ మాటతోనే అనేవాళ్ళు. దీనుడంటే మనకి జాలిపడాల్సిన మనిషి కనపడతాడు. తపైనోస్ అంటే పల్లంలో ఉన్నోడు. పల్లంలో తనంత తాను ఉన్నాడా, ఎవరన్నా ఉంచారా అని అడగాలి. నా మాటల్లో చెప్పుకుంటే, పల్లంలో ఉన్న సహోదరుడు తన ఎత్తు చూసుకుని గర్వపడాలి అంటున్నాడు యాకోబు. అణిగి ఉండమనలేదు. తరవాతి మాటలోనే ధనవంతుడు తన పల్లం చూసుకుని గర్వపడాలన్నాడు. ఒకడు లేస్తే ఒకడు దిగాలి. ఇది ఆత్మకి సంబంధించిందే, శరీరానికి కాదు అనేవాళ్ళు అదే పత్రికలో రెండో అధ్యాయం చూడాలి. బంగారపు ఉంగరం పెట్టుకున్నోడికి మంచి చోటు, మాసిన బట్టలోడికి నిలబడమనో కాళ్ళపీట దగ్గర కూర్చోమనో చెప్పే సంఘాన్ని యాకోబు కడిగిపారేశాడు. ఆయనకి ఎత్తంటే మందిరంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది కూడా.

మరియ పాటలోనూ ఈ రెండు మాటలే ఎదురెదురుగా ఉన్నాయి. సింహాసనాలమీదున్నోళ్ళు దిగారు, పల్లంలోవాళ్ళు లేచారు. అదీ జరిగిపోయినట్టు చెప్పింది ఆ పల్లెటూరి పిల్ల.

ఈ మాటకి ఇంకో ముఖం ఉంది, అది భయపెడుతుంది. యోహాను సువార్తలో ఏసు తాను ‘ఎత్తబడాలి’ అన్నప్పుడు ఇదే క్రియ. సిలువకి వేలాడదీయడం అనీ, ఘనత పొందడం అనీ రెండూ అందులోనే. తల ఎత్తినోణ్ణి లోకం ఏం చేస్తుందో యోహానుకి తెలుసు. మనకీ తెలుసు. కారంచేడులో మంచినీళ్ళ చెరువుని పాడుచేయొద్దన్న గొడవలో, తనని కొట్టబోయినప్పుడు మున్నంగి సువార్త అడ్డంగా బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందన్న దగ్గర రాజుకుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు. శవాల్ని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఒక బిందె ఎత్తినందుకు, ఒక కాలు తగిలినందుకు ఇంత. ఆ చావుల్ని మహిమ అని నేను పాట కట్టను. సిలువ వేసినోడిది హత్యే. అయితే ఆ బిందె ఎత్తిన చెయ్యి మాత్రం, నాకు తెలిసిన గ్రీకులో, హుప్సోస్.

ప్రభుత్వం కొలత ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్లోని అంటరాని కులాల్నే షెడ్యూల్డు కులాలంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చింది. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రలో మమ్మల్ని బీసీ-సీ అని రాసి ఒక్కశాతం ఇచ్చారు. అంటే కాగితం మీద ఒక మెట్టు ఎక్కినట్టు, బావిగట్టు దగ్గర అదే పల్లం.

హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో బాబాసాహెబ్‌కి 125 అడుగుల విగ్రహాలు లేచాయి. నాకు గర్వమే. మా ఊళ్ళో మూడడుగుల దిమ్మె కట్టనివ్వని రోజులు చూసినోణ్ణి. కానీ యాకోబు విగ్రహం ఎత్తు గురించి రాయలేదు, సహోదరుడి ఎత్తు గురించి రాశాడు. ఆ విగ్రహం నీడలో నిలబడ్డ కూలోడికి భూమి ఎంత, వాడి కూతురికి సీటు ఏ వరసలో, అని అడక్కపోతే బాబాసాహెబ్ పెన్ను జేబులో ఉండి మనకేం లాభం?

ఆరుచోట్లలో చివరిది ప్రకటన గ్రంథం 21లో ఉంది. కొత్త పట్టణాన్ని దూత కొలుస్తాడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానం. ఏడువందల యాభై కోసులు అని మన బైబిలు లెక్క. ఎత్తు ఒకపక్కే పెరిగి, వెడల్పు లేకపోతే అది పట్టణం కాదు, కోటబురుజు. అక్కడ గుమ్మాలు మూయరు కూడా.

విద్యార్థి మిత్రులకి నేను చెప్పేది ఇదే. ఇంట్లో ఉన్న బైబిలు తియ్యండి. లూకా 1:78, 24:49, ఎఫెసీ 3:18, 4:8, యాకోబు 1:9, ప్రకటన 21:16 దగ్గర పెన్సిలుతో ‘ఎత్తు’ అని రాసుకోండి. తరవాత మీ ఊరికి పోయి కొలవండి. ముందు బెంచీ ఎవరిది, ఊరిబావి గట్టు ఎవరిది, శ్మశానంలో మెరక ఎవరిది. ఆ లెక్కలు రాసి తీసుకొచ్చి మీ సంఘం కమిటీ ముందు పెట్టండి. తగ్గమంటే, ఏ అధ్యాయంలో ఎవరితో అన్న మాటో చూపించమనండి.