చూపునిచ్చిన స్వరాలు

క్రీడాంగణంలో గెలిచినవారికి పతకాలున్నవి, పూలదండలున్నవి. ఆ గెలుపును మన ఇంటి వసారా దాకా మోసుకొనివచ్చిన స్వరాన్ని మాత్రం ఆట ముగియగానే మరచిపోతాము. ఈ మరపును గూర్చి రెండు మాటలు విన్నవించుకొనుటకే ఈ చిన్న వ్యాసం.

మా బాల్యం గన్‌ఫౌండ్రీలో గడిచింది. పాతవారు దీనిని ‘తోప్ కా సాంచా’ అనేవారు. ఫతేమైదాన్ మాకు నడక దూరం. 1955 నవంబరులో ఉమ్రీగర్ న్యూజీలాండుపై 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడైనది ఆ నేలమీదనే. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారు. అయినా టిక్కెట్టు కొనలేని మాబోటివారికి గోడ అవతలి ఆటకంటె ట్రాన్సిస్టరులోని ఆటే దగ్గర.

మా పొరుగున ఒక వృద్ధుడుండేవారు. పేటకంతటికీ ఆయన చాచా. యౌవనంలో హాకీ ఆడినవారు. వార్ధక్యంలో చూపు కోల్పోయారు. 1975 మార్చి 15న కౌలాలంపూరులో ప్రపంచ కప్పు తుదిపోటీ జరిగినప్పుడు మేమంతా ఆయన వసారాలో చేరాము. తొలి గోలు పాకిస్తానుది. సుర్జీత్ సింగ్ లెక్క సమం చేశాడు. అటుపిమ్మట ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలుస్తంభం మూలకు తగిలి వెనుకకు వచ్చింది. అది గోలేనని అంపైరు నిర్ణయించగా, భారతదేశం 2–1తో గెలిచింది. జస్‌దేవ్ సింగ్‌గారి హిందీ వ్యాఖ్యానం ఎటు సాగితే అటు చాచాగారి చేతికర్ర నేలమీద కదలుతూ ఉండెను. ఆ కొద్దిసేపు ఆయన అంధుడు కాడు.

కొన్నాళ్లకు ఒక పాఠశాల మైదానంలో జరిగిన పోటీకి ఆయనను చేయిపట్టి తీసుకొనిపోయాము. అక్కడ రేడియో లేదు; చెప్పవలసినవారము మేమే. బంతి పరుగును మా నాలుక అందుకొనలేకపోయింది. చివరకు “గోల్!” అని మాత్రం కేకవేశాము. ఆయన మందహాసం చేసి, “బేటా, గోల్ అయిందని జనం అరుపే చెప్పింది. ఎలా అయిందో నువ్వు చెప్పాలి” అన్నారు. మేము తలవంచుకొన్నాము. కళ్లున్నంత మాత్రాన చూపింపలేమని ఆనాడే బోధపడింది.

ఈ విద్య గురుశిష్య పరంపరగా వచ్చేది. 1948లో గాంధీజీ అంతిమయాత్రను గూర్చి మెల్విల్ డి మెల్లో ఆంగ్లంలో చేసిన వ్యాఖ్యానం విని, తాను హిందీలో అట్టివాడు కావలెనని బాలుడైన జస్‌దేవ్ సంకల్పించారట. తొమ్మిది ఒలింపిక్ క్రీడలను వినిపించి, 1985లో పద్మశ్రీ, 2008లో పద్మభూషణ్ అందుకొని, 2018లో కన్నుమూశారు. మన హైదరాబాదు బిడ్డ హర్షా భోగ్లే పందొమ్మిదవ ఏట ఆకాశవాణిలోనే ఈ వృత్తికి ఓనమాలు దిద్దారు.

దూరదేశమైన కెనడాలో మంచుమీద ఆడే హాకీని 1923 నుంచి రేడియోలో వినిపించిన ఫాస్టర్ హ్యూయిట్ పేరిట, అక్కడి హాకీ కీర్తిమందిరం 1984 నుంచి వ్యాఖ్యాతలకొక పురస్కారం అందజేస్తున్నది. ఆడినవారి సరసన పలికినవారికీ అక్కడ చోటు దొరికింది.

మన కళాశాలలో అంతటి మందిరం కట్టనక్కరలేదు. క్రీడోత్సవం నాడు తెలుగులో ఒకరు, ఉర్దూలో ఒకరు ఆటను వినిపించునట్లు ఏర్పాటుచేసి, ఉత్తమ వ్యాఖ్యాతకు విజేతల వరుసలోనే ఒక చిన్న బహుమతి ఇచ్చిన చాలును. మైదానానికి రాలేనివారు, వచ్చినా చూడలేనివారు మన ఇళ్లలోనూ ఉన్నారు. కమిటీ పెద్దలు ఈ మనవిని ఆలకింతురని ఆశిస్తున్నాము.

చాచాగారు ఇప్పుడు లేరు. గోలు ఎలా అయిందో ఆయనకు మేము చెప్పనే లేకపోయాము. రాబోయే విద్యార్థులలో ఒకరైనా, అడిగినవారికి సరిగా చెప్పగలిగితే మా ఋణం కొంత తీరినట్లే.