ఆకాశనౌకలో దుబాసీ

మన అనంతపురం సీమలో ఆకాశం వైపు చూడని మనిషి లేడు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో, ఆ కొద్ది వానయు విత్తే వేళకు రాక, కాయ ఊరే వేళకు ముఖం చాటు చేయగా, శెనక్కాయ రైతు చూపు నేలమీద కంటె నింగిమీదనే ఎక్కువగా నిలుస్తుంది. మేమును అట్లే చూస్తూ పెరిగినవారము. అయితే మా బాల్యంలో వారానికొకసారి ఆకాశాన్ని మరొక విధంగా చూచే భాగ్యం కలిగినది. దానిని గూర్చి మన కళాశాల వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము. టెలివిజన్ కథలను గూర్చిన వ్యాసమా అని పెద్దలు నవ్వవచ్చును. తుదికంటా చదివిన పిమ్మట నవ్వవలసినదిగా ప్రార్థన.

1980ల నడుమ మా వీధికంతటికీ ఒకే టెలివిజన్ పెట్టె ఉండేది. అది ఎదురింటి రెడ్డిగారి పడసాలలో ఉండేది. ఆదివారంనాడు దూరదర్శన్‌లో 'స్టార్ ట్రెక్' అనే ధారావాహిక వచ్చేది. అమెరికాలో 1966 నుండి 1969 వరకు ప్రసారమైన 79 భాగాల కథ అది. 'ఎంటర్‌ప్రైజ్' అనే ఆకాశనౌక నక్షత్రాల నడుమ తిరుగుతూ, వారమునకొక కొత్త లోకాన్ని, కొత్త జాతిని కలుసుకొనేది. సాహసి అయిన కెప్టెన్ కర్క్, చెవులు మొనదేలిన స్పాక్, కోపిష్టి వైద్యుడు మెకాయ్ అందరికీ ప్రీతిపాత్రులు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. పడసాలలో చాపలపై కూర్చున్న ఇరవైమందిలో ఆ భాష పట్టుబడినవారు ఒక్కరును లేరు.

మా ఆపా అప్పుడు పదవ తరగతి. ఆమె తనకు తెలిసిన నాలుగు ముక్కలకు ఊహను జోడించి, రెడ్డిగారి అవ్వకు తెలుగులోను, మా అమ్మకు మా ఇంటి ఉర్దూలోను కథ చెప్పేది. అవ్వ ఒక ప్రశ్న అడిగితే అమ్మ మరొకటి అడిగేది. ఆపా ఇటు తిరిగి ఒకరికి, అటు తిరిగి ఒకరికి జవాబు చెప్పే హడావుడిలో తాను సగం కథ చూడలేకపోయేది.

ఆ నౌకలో కెప్టెన్ వెనుక, ఒక పక్కగా, ఎర్రని దుస్తులలో ఒక నల్లజాతి యువతి కూర్చొని ఉండేది. ఆమె చెవిలో ఒక యంత్రం. ఇతర నౌకలనుండి, ఇతర లోకాలనుండి వచ్చే మాటలను విని కెప్టెన్‌కు అందజేయడం ఆమె ఉద్యోగం. పేరు ఉహూరా. స్వాహిలీ భాషలో స్వేచ్ఛ అని అర్థమిచ్చే మాటనుండి వచ్చిన పేరది. వారంవారం ఆమె, దారి తెరచితినని ఒక ముక్క చెప్పి ఊరకుండేది. అటుపైన కర్క్‌గారు మాట్లాడేవారు. ఒక ఆదివారం ఆపా ఆ బొమ్మను వేలితో చూపి, "అందరి మాటలూ ఈమె చెవినుంచే పోతాయి గదా, ఈమె వంతు ఎప్పుడొస్తాది?" అని అడిగినది. ఎవరును బదులు చెప్పలేదు. పదేళ్ల వయసులో ఉన్న మాకు ఆ ప్రశ్న విసుగు పుట్టించినది. యుద్ధం మొదలయ్యే వేళకు ఈ అడ్డుప్రశ్న ఎందుకని కసిరినాము కూడా.

ఆ ప్రశ్నకు జవాబు మేము చాలా ఏళ్ల తర్వాత వెదుకుకొన్నాము. ఉహూరా వంతు ఆ 79 భాగాలలో సరిగా రాలేదు. ఆ పాత్రకు మొదటి పేరు ఉన్నదని తెరమీద వినబడినది 2009 నాటి చలనచిత్రంలో. పక్క ఆసనంలో నౌక నడిపే సూలూకు మొదటి పేరు 1991లో దక్కినది. ఆ 1991 చిత్రంలోనే మరొక ఘట్టమున్నది. శత్రుజాతి అయిన క్లింగాన్‌ల కాపలా కేంద్రం వారిని వారి భాషలోనే ప్రశ్నిస్తుంది. యంత్రంచేత అనువదింపజేస్తే గుట్టు బయటపడుతుంది. అప్పుడు ఉహూరాయు, తోటివారును పాత నిఘంటువులు తిరగవేస్తూ, తప్పుల తడకగా జవాబిస్తారు. ప్రేక్షకులు నవ్వుటకు వ్రాసిన ఘట్టమది. పాతికేళ్లపాటు పరుల మాటలే వింటూ కూర్చున్న ఉద్యోగిని ఆ మాటలలో ఒక్కటైనా నేర్వలేదా? ఆమె పెదవి విప్పి చక్కని క్లింగాన్ భాషలో రెండు వాక్యాలు పలికియుంటే, అన్నేళ్ల మౌనానికి అర్థమేర్పడియుండేది గదా! 2013 నాటి చిత్రంలో, వేరొక నటి ధరించిన ఉహూరా, ఆయుధధారులైన క్లింగాన్‌ల ఎదుటికి ఒంటరిగా నడచి వారి భాషలో మాట్లాడినది. ఆ అవకాశం మొదటినుండి కథలోనే ఉన్నదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

విచిత్రమేమంటే, ఆ పాత్రను తొలుత ధరించిన నటి నిషెల్ నికొల్స్ తెర వెలుపల చేసిన పని తెరమీద కంటె ఎక్కువ. తొలి ఏడు ముగియగానే ఆమె మానుకోదలచినది. మార్టిన్ లూథర్ కింగ్ తనను కలిసి, ఆ ఆసనం విడువవద్దని కోరినట్లు ఆమె తానే చెప్పుకొన్నది. 1977లో నాసా సంస్థ వ్యోమగాముల ఎంపికకు స్త్రీలను, నల్లజాతివారిని రప్పించుటకు ఆమె సాయం తీసుకొన్నది. 1992లో అంతరిక్షానికి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్, చిన్ననాడు ఉహూరాను చూచి ఉత్సాహం పొందినానని చెప్పినది. మౌనంగా కూర్చున్న బొమ్మయే ఇంత చేయగలిగితే, మాట ఇచ్చియుంటే ఎంత చేసియుండేదో!

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మ పరదా చాటున పెరిగి, పెళ్లియై ఈ ఊరు వచ్చినది. తెలుగు కొంత అర్థమయ్యేది గాని పెద్ద మాటలు అందేవి కావు. ఒక కరువు ఏట అమ్మకు దగ్గు పట్టి విడువలేదు. ఆపాను తోడిచ్చి ఆసుపత్రికి పంపినారు. మేమును వెంట వెళ్లినాము. వైద్యుడు పరీక్ష చేసి, ఇది క్షయ అనియు, ఏడాదికి పైగా మందు వాడవలసియుండుననియు, నడుమ తగ్గినట్లు తోచినను మానరాదనియు తెలుగులో చెప్పినారు. వెలుపల నాన్న ఆపాను పక్కకు పిలిచి, "ఆ రోగం పేరు అమ్మతో అనవద్దు, దగ్గు మందని చెప్పు" అన్నారు. బెదరిపోతుందని ఆయన భయం. ఆపా కొంతసేపు నిలబడినది. పిమ్మట వేపచెట్టు కింద కూర్చున్న అమ్మ వద్దకు పోయి, ఆమె చేయి పట్టుకొని, రోగం పేరుతో సహా వైద్యుని మాటలన్నీ ఉన్నదున్నట్లు చెప్పినది. అమ్మ ఏడ్చినది. నాన్న రెండు రోజులు ఆపాతో మాట్లాడలేదు. మూడవ నెలకు దగ్గు నెమ్మదించినది. అప్పుడు నాన్నయే, ఇంక మందెందుకు, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నదన్నారు. మానరాదని అమ్మయే పట్టుబట్టినది. అమ్మ ఆ పిమ్మట ఇరవై రెండేళ్లు బ్రతికినది.

మాట మోయడమంటే మూట మోయడం కాదని మాకు తెలిసినది ఆనాడే. రెండు భాషల నడుమ నిలిచినవాని చేతిలో, ఏది చెప్పవలెను, ఏది దాచవలెను అనే నిర్ణయం ఉంటుంది. ఆకాశనౌకలో ఉహూరాకు ప్రతి వారం ఆ నిర్ణయం ఎదురై ఉండవలెను. శత్రువు పలికిన తిట్టును కెప్టెన్‌కు యథాతథంగా చెబితే యుద్ధం, మెత్తజేసి చెబితే మోసం. ఈ ఒక్క చిక్కునుండి ఎన్ని కథలు పుట్టవచ్చును! కథకులు ఆ గనిపైనే కుర్చీ వేసి, తవ్వకుండా వదలినారు.

2001 నుండి 2005 వరకు వచ్చిన 'ఎంటర్‌ప్రైజ్' ధారావాహికలో ఈ లోపం సరిదిద్దబడునని ఆశించినాము. అందులో హోషి సాటో అనే యువతి భాషావేత్త. తొలి భాగాలలో ఆమె భయపడుతూనే, కొత్త జాతుల పలుకును చెవితో విని వ్యాకరణం పట్టుకొనేది. కాని సర్వభాషా యంత్రం పనిచేయనారంభించిన కొద్దీ ఆమె మరల పక్క ఆసనానికే చేరినది. ఆ నౌకలోనే ట్రావిస్ మేవెదర్ అనే చోదకుడున్నాడు. సరకుల నౌకలో పుట్టి, ఏ నేలమీదను స్థిరంగా నిలువక పెరిగినవాడు. కరువు ఏడు తల్లిదండ్రుల వెంట బెంగుళూరు పోయి, కడుతున్న మేడల నీడన పెరిగిన మన పల్లె పిల్లలు అతనిని చూచిన వెంటనే గుర్తుపట్టగలరు. తండ్రి మరణించినాడని తెలిసి అతడు ఆ సరకుల నౌకకు తిరిగి వెళ్లే కథ 2003లో వచ్చినది. 98 భాగాలలో అతనికి అట్టి కథలు వ్రేళ్లమీద లెక్కింపదగినవే. 1998లో మన దూరదర్శన్ 'కెప్టెన్ వ్యోమ్' ప్రసారం చేసినపుడు ఎంతో సంతోషించినాము. అక్కడను కథానాయకుని వెలుగులో తక్కినవారు మసకబారినారు.

కెప్టెన్ లేనిదే నౌక నడువదు, అందరికీ కథ ఇవ్వ సాధ్యమా అని మిత్రులొకరు మాతో వాదించినారు. సాధ్యమే. 1993 నుండి 1999 వరకు వచ్చిన 'డీప్ స్పేస్ నైన్'లో నాగ్ అనే కుర్రవాడున్నాడు. లాభమే పరమార్థమనుకొనే ఫెరెంగీ జాతివాడు; మొదట నవ్వించుటకు పెట్టిన పాత్ర; చదువను కూడా రానివాడు. స్నేహితుని వద్ద చదువు నేర్చి, ఆ జాతిలో ఎవరును చేరని నౌకాదళంలో చేరి, యుద్ధంలో కాలు పోగొట్టుకొన్నాడు. ఆ కుర్రవాని మనస్సు ఎట్లు కోలుకొన్నదో చెప్పుటకు 1998లో ఒక పూర్తి భాగాన్ని కేటాయించినారు. అందువలన కెప్టెన్‌కు కలిగిన నష్టమేమియు లేదు. నౌక మాత్రం మరింత నిజమైనదిగా తోచినది.

నిజ జీవితంలోను ఇట్టి పక్క ఆసనాలు ఉన్నవి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ రోదసి నుండి ప్రధాని ఇందిరాగాంధీకి ఇక్బాల్ కవి మాటలతో జవాబిచ్చినపుడు, మా వీధిలో ఉర్దూ వచ్చినవారును రానివారును ఒక్కటై చప్పట్లు కొట్టినారు. ఆయనతో సమానంగా శిక్షణ పొంది, అవసరమైతే వెళ్లుటకు సిద్ధమై, నేలమీదనే నిలిచిపోయిన రవీష్ మల్హోత్రా పేరు ఆనాడు మాలో ఎందరు తలచినారు? మేము తలచలేదు.

మేము తలచనిది ఆయనను మాత్రమే కాదు. ఆ కరువు ఏడే ఆపా పదవ తరగతి ఉత్తీర్ణురాలైనది. ఇద్దరి చదువుకు చాలినంత డబ్బు ఇంట లేదు. అమ్మకు తోడుండవలెనని ఆపాను మాన్పించి, మమ్ము చదివించినారు. ఆ నిర్ణయాన్ని నాన్న నోట విని పక్క గదిలో ఉన్న ఆపాకు చెప్పినది మేమే. అది మేము మోసిన మొదటి మాట. ఆపా "సరే" అన్నది. ఆ ఒక్క ముక్కలో ఏమున్నదో వినుటకు మాకు ఆనాడు చెవులు లేవు.

ఇప్పుడామె మనుమరాలు ఫోనులో తెలుగు పలికితే ఫోను ఉర్దూ పలుకుతున్నది. మొన్న దానిని చూచి ఆపా నవ్వి, "బాగా చెప్తాంది. అమ్మ చేయి పట్టుకోవల్లని మాత్రం దానికి తెలీదు" అన్నది. ఈ వ్యాసంలో ఆమె పేరు వ్రాయదలచినాము. పేరు వద్దు, సంగతి వ్రాయమన్నది. ఆ మాటను ఉన్నదున్నట్లు పాటించినాము.

తుదిగా విద్యార్థులకును కళాశాల కమిటీవారికిని ఒక మనవి. మన సంచికకు రెండు ముఖపత్రాలు. తెలుగు ఎడమనుండి మొదలవుతుంది, ఉర్దూ కుడినుండి మొదలవుతుంది. రెండును నడుమ కుట్టు వద్ద కలుసుకొంటాయి గాని, ఈ వైపువారు ఆ వైపు పుటలు తిప్పుట అరుదు. వచ్చే ఏడు ఆ నడిమి పుటలలో నాలుగింటిని కేటాయించి, ఒక ఉర్దూ వ్యాసాన్ని తెలుగులోను, ఒక తెలుగు వ్యాసాన్ని ఉర్దూలోను మన విద్యార్థులచేతనే అనువదింపజేసి అచ్చువేయవలెనని కోరుతున్నాము. వ్రాసినవారి పేరు ఏ అక్షరాలలో ఉండునో, అనువదించినవారి పేరును అవే అక్షరాలలో, అదే పరిమాణంలో ఉండవలెను. ఇంటివద్ద, ఆసుపత్రిలో, కచేరీలో తల్లిదండ్రులకు దుబాసీలుగా నిలుస్తున్న పిల్లలు మన తరగతులలో ఎందరో ఉన్నారు. వారిని పిలిచి ఈ పని అప్పగించినచో ఉభయ విభాగాలును ధన్యములు కాగలవు. సంచిక వెలువడిన నాడు మొదటి ప్రతిని ఆపాకు మేమే తీసుకొనిపోయి చదివి వినిపిస్తామని మాట ఇస్తూ, సెలవు తీసుకొంటున్నాము.