ఊరి పేరు

"మీదే ఊరు?" అన్న ప్రశ్నతోనే ఇద్దరు తెలుగువారి పరిచయం మొదలవుతుంది. మన ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్లే. అయితే ఆ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పలేని తెలుగు కుటుంబాలు నేడు సముద్రాల అవతల ఎన్నో ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్ ప్రాంతంలోను, మారిషస్ ద్వీపంలోను స్థిరపడిన వారి పూర్వికుల ఊరు పాత కాగితాలలో పదిలంగానే ఉంది. దానిని చదవడమే దుస్సాధ్యం.

చెరకు తోటలలో పనిచేయడానికి ఒప్పందంపై కూలీలను తీసుకుపోవడం మారిషస్‌కు 1834లోను, నేటాల్‌కు 1860లోను మొదలైంది. ఆ సంవత్సరం నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. 1911 వరకు నేటాల్‌కు వెళ్ళిన భారతీయులు సుమారు 1,52,000 మంది. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు అనేకులు. ప్రతి వ్యక్తికి ఒక సంఖ్య కేటాయించి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు జాబితాలో నమోదు చేశారు. ఇంటిపేరు మాత్రం చాలా చోట్ల నమోదు కాలేదు. అందుచేత సంతతివారికి మిగిలిన ఏకైక ఆధారం ఆ గ్రామనామమే.

ఆ పేరు కాగితం మీదికి చేరేలోగా ఎన్నో మార్పులకు లోనైంది. చదువురాని కూలీ తన యాసలో ఊరి పేరు చెప్పాడు. ఆ యాస తెలియని గుమాస్తా తన చెవికి వినిపించినట్లు ఆంగ్లలిపిలో రాశాడు. ఆ లిపిలో 'త'కు, 'ట'కు భేదం లేదు. 'ల'కు, 'ళ'కు భేదం లేదు. హ్రస్వదీర్ఘాల లెక్క అసలే లేదు. శ్రీకాకుళం 'చికాకోల్'గా, కాకినాడ 'కొకనాడ'గా, భీమునిపట్నం 'బిమ్లిపటం'గా మారిన కాలమది. పెద్ద పట్టణాలకే ఆ గతి పట్టినప్పుడు నలభై గడపల పల్లె సంగతి చెప్పనక్కరలేదు.

ఉదాహరణకు ఒక నమోదులో 'కొల్లనలస' అని కనబడిందనుకుందాం. అటువంటి ఊరు ఏ పటంలోను దొరకదు. ఉత్తరాంధ్రలో 'వలస'తో ముగిసే ఊళ్ళు కోకొల్లలు; 'నలస'తో ముగిసేవి కానరావు. వేగంగా రాసిన ఆంగ్ల 'వి' అక్షరం 'ఎన్'లా కనిపించడం సాధారణం. కాబట్టి చివరి భాగం 'వలస' కావాలి. ఇక 'టి' అక్షరానికి అడ్డుగీత గీయకపోతే అది 'ఎల్' అవుతుంది. ఆ రెండు 'ఎల్'లను 'టి'లుగా భావిస్తే 'కొత్తవలస' బయటపడుతుంది. ఈ ఊహ నిజమో కాదో తేల్చడానికి అదే పుటలో, అదే చేతిరాతలో నిస్సందేహంగా చదవగలిగిన మాటలను వెదకి, గుమాస్తా ఆ అక్షరాలను ఎలా రాస్తాడో పోల్చి చూడాలి. పేరును కంటితో చదవడం చాలదు. పైకి పలికి చెవితో వినాలి.

అంతటితో పని ముగియదు. కొత్తవలసలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. వాటిలో ఏది తమదో తాలూకా పేరు చెప్పాలి. కాని ఆ తాలూకాలే నేడు లేవు. సర్వసిద్ధి తాలూకాకు ముఖ్యస్థానం సర్వసిద్ధి కాదు, ఎలమంచిలి. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోది. ఆ సంవత్సరం గంజాం ఒరిస్సాలో చేరగా శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లోను, అనకాపల్లి, పార్వతీపురం మన్యం జిల్లాలు 2022లోను ఏర్పడ్డాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కనుక పాత నమోదులోని 'గంజాం'ను చూసి నేటి ఒడిశాలో మాత్రమే గాలించేవారు ఆంధ్రదేశంలోని తమ పల్లెను దాటిపోవచ్చు. నమోదు జరిగిన నాటి పటాలు, జనాభా లెక్కల గ్రామ జాబితాలు, 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు వంటి గ్రంథాలు ఇక్కడ దారి చూపుతాయి.

మరొక చిక్కు రేవుల పేర్లతో వస్తుంది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకనాటి ప్రసిద్ధమైన ఓడరేవు. ఆ పేరు మీదనే మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని 'కోరంగీలు' అన్నారు. ఆ మాట చూసి కోరంగే తమ స్వగ్రామమని భావించరాదు. రేవు ఓడ ఎక్కిన చోటు మాత్రమే.

ఈ అన్వేషణలో తొందరపాటు ప్రమాదకరం. ఒక్క అక్షరం తప్పుగా చదివితే ఒక కుటుంబం పరాయి ఊరి మట్టిని తమదిగా కళ్ళకద్దుకుంటుంది. సంబంధం లేనివారిని బంధువులుగా కౌగిలించుకుంటుంది. ఆ తప్పు తరువాతి తరాలకు చరిత్రగా సంక్రమిస్తుంది. అందుచేత ఆధారం చాలనప్పుడు పేరు పక్కన సందేహాన్ని కూడా రాసి ఉంచడమే నిజాయితీ. సరియైన ఆధారం దొరికిననాడు తరువాతివారు దానిని తీర్చుకుంటారు.

'వలస' అనే మాటతో ముగిసే ఊరు ఏనాడో వేరొక చోటి నుండి వచ్చినవారు కట్టుకున్నదే కావచ్చు. అక్కడి నుండి ఒకడు మరల వలసపోయి సముద్రం దాటాడు. రేవులో గుమాస్తా అడిగినప్పుడు అతడు తన ఊరి పేరు స్పష్టంగానే చెప్పి ఉంటాడు. దానిని అతడు పలికినట్లుగా తిరిగి వినగలగడమే వారసుల ముందున్న పని.