నాన్న గుండెకు మూడు దారులు

మాచర్ల డిపోలో ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి మా నాన్న. 2006లో, అరవై రెండో ఏట ఆయనకు బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత పదిహేడేళ్లపాటు ఆ సంగతే మరిచిపోయాం. ఛాతీ మధ్యన నిలువు గీత, ఎడమకాలి మీద చీలమండ నుంచి తొడ దాకా కుట్ల మచ్చ... అంతే మిగిలాయి. మనవలు అడిగితే ‘ఇంజను బోరు చేయించా’ అని నవ్వేవాడు.

2023 కార్తీకమాసంలో గురజాల నుంచి అందరం కోటప్పకొండ వెళ్లాం. కారులో పైదాకా పోవచ్చు. నాన్న వినలేదు. ‘నాలుగు మెట్లన్నా ఎక్కి దణ్ణం పెట్టుకుంటా’ అన్నాడు. ఇరవై మెట్లు ఎక్కాడో లేదో, చతికిలబడ్డాడు. దవడ పట్టుకుపోతోందన్నాడు. నుదుటి మీద చెమటలు. నాలుక కింద మాత్ర పెడితే ఐదు నిమిషాలకు సర్దుకుంది. నా కాళ్లలో వణుకు మాత్రం ఇంటికొచ్చినా తగ్గలేదు.

గుంటూరులో యాంజియోగ్రామ్ తీశారు. డాక్టరుగారు తెల్లకాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించారు. నాన్నకు అప్పట్లో మూడు గ్రాఫ్టులు వేశారు. ఒకటి ఛాతీ గోడ లోపలి ధమనితో, రెండు కాలి నుంచి తీసిన సిరలతో. ధమనితో వేసింది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. సిరల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, రెండోది దారంలా సన్నబడింది.

‘ఆపరేషన్ సరిగ్గా చేయలేదా సార్?’ అని అడిగేశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కాలి సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన గొట్టం. దాన్ని ధమని పనికి పెడితే ఆ ఒత్తిడికి గోడలు మందమవుతాయి, కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లు గడిచేసరికి సిరలతో వేసిన గ్రాఫ్టుల్లో దాదాపు సగం మూసుకుపోతాయట. ఛాతీ ధమనితో వేసినవి మాత్రం నూటికి తొంభై దాకా నిలుస్తాయట. మా తప్పూ ఒకటి బయటపడింది. రిపోర్టు నార్మల్ వచ్చిందని ఎనిమిదేళ్ల క్రితం కొలెస్ట్రాల్ మాత్ర మేమే ఆపేశాం. రిపోర్టు నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర వల్లేనన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో చిన్నపాటి పల్నాటి యుద్ధమే జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అన్నయ్య మళ్లీ బైపాస్ చేయిద్దామన్నాడు. ‘మన్మోహన్‌సింగ్ గారికి 1990లో బైపాస్ అయింది. 2009 జనవరిలో ఎయిమ్స్‌లో మళ్లీ చేశారు. అప్పుడాయనకు డెబ్బై ఆరేళ్లు’ అని వాదించాడు. అమెరికా నుంచి ఫోన్లో చెల్లి ఒప్పుకోలేదు. ‘క్లింటన్‌కి 2004లో బైపాస్ చేశారు. 2010లో ఒక గ్రాఫ్టు మూసుకుపోతే దాని జోలికి పోకుండా అసలు రక్తనాళంలోనే రెండు స్టెంట్లు వేశారు. నాన్నకీ అంతే చాలు’ అంది. పక్కింటి బాబాయి అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కషాయం తాగిస్తే పూడికలు కరిగిపోతాయన్నాడు. అమ్మ ఎవరి మాటా వినలేదు. నాన్న కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు ఈ వాదనలన్నీ మూటగట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. నాన్నే ముందు నోరు విప్పాడు. ‘బైపాస్ రోడ్డు పాడైంది. ఇంకో బైపాస్ వేయాలా, పాత ఊరి రోడ్డే బాగుచేయాలా, లోడు తగ్గించి మెల్లగా పోవాలా... ఇంతేగా అయ్యా?’ అన్నాడు.

డాక్టరుగారు నవ్వి, ఒక్కో దారి గురించీ చెప్పారు. రెండోసారి గుండె తెరవడంలో ప్రమాదం మొదటిసారి కంటే రెండింతలకు పైనే. పాత కుట్ల కింద గుండె ఎముకకు అతుక్కుని ఉండొచ్చు, తెరిచేటప్పుడు బాగున్న ధమనికే దెబ్బ తగలొచ్చు. అసలు ముఖ్యమైన నాళాన్ని ఆ ధమనే కాపాడుతున్నప్పుడు, కొత్త ఆపరేషన్‌తో వచ్చే లాభం తక్కువ. ఇక స్టెంట్. పాత సిరలో వేస్తే అందులోని మడ్డి కొట్టుకుపోయి కింద అడ్డుపడే భయం ఉంది. అందుకే వీలైతే అసలు నాళాన్నే తెరుస్తారు. అయితే నాన్నకు క్రియాటినిన్ ఎక్కువ. ఎక్కించే రంగుమందు కిడ్నీలకు భారం. మూడోది మందులు. నొప్పి నడిచినప్పుడే వస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది, గుండె పంపింగ్ బాగుంది. కాబట్టి ముందు మందులతో చూడొచ్చు.

‘ధమని గ్రాఫ్టు కూడా మూసుకుపోయి ఉంటే, పంపింగ్ పడిపోయి ఉంటే నా మాట వేరుగా ఉండేది’ అని కూడా అన్నారు. మన్మోహన్, క్లింటన్‌ల కథలు మాకు ఎందుకు కొలత కావో అప్పుడర్థమైంది. తర్వాత ఆయన మా వైపు కాకుండా నాన్న వైపు తిరిగారు. ‘మీకేం కావాలి పెద్దాయనా?’

ఇన్ని రోజుల్లో ఆ మాట మాలో ఒక్కరం కూడా అడగలేదు.

నాన్న కాసేపు ఆలోచించాడు. ‘పొద్దున్నే పాలకేంద్రం దాకా నడవాలి. మిరప కోతలప్పుడు చేను గట్టున కూర్చోవాలి. ఇంకెన్నేళ్లు బతుకుతానని అడగను. ఆ గొట్టాలతో మళ్లీ పడుకోమనకండి’ అన్నాడు. అన్నయ్య తల దించుకున్నాడు.

మందులు మార్చారు. కొలెస్ట్రాల్ మాత్ర మళ్లీ మొదలైంది. చుట్ట మానిపించారు. కూర్చుని ఉండగా నొప్పి వచ్చినా, రోజురోజుకీ పెరుగుతున్నా మరి ఆలోచించకుండా ఆసుపత్రికి రావాలన్నది గట్టి షరతు. ఆ మాట కాగితం మీద రాసి అమ్మ దేవుడి పటాల పక్కన అంటించింది. ఆరు వారాలకు నాన్న పాలకేంద్రం దాకా నడిచాడు, మధ్యలో ఒకసారి ఆగి.

పధ్నాలుగు నెలలు అలా గడిచాయి. 2025 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున పడుకుని ఉండగానే నొప్పి వచ్చింది. అమ్మ ఆ కాగితం వైపు చూసి నన్ను లేపింది. గుంటూరు చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఈసారి అసలు నాళంలో ఒక స్టెంట్ వేయక తప్పలేదు. సెలైన్ ఎక్కించి, రంగుమందు వీలైనంత తగ్గించి వేశారు. నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు.

‘ముందే వేయించి ఉంటే?’ అని చెల్లి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ పధ్నాలుగు నెలల్లో నాన్న రెండు మిరప కోతలు చూశాడని మాత్రం చెప్పాను.

మొన్న కోటప్పకొండ వెళ్లాం. నాన్న మారు మాట్లాడకుండా కారెక్కాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో మాత్రం, ‘గేరు మార్చరా, ఇంజను మూలుగుతోంది’ అంటూ దారి పొడవునా నన్ను తిడుతూనే ఉన్నాడు.