ఎవలోళ్లు బిడ్డా?

దేవరుప్పుల నుంచి పాలకుర్తి మీదుగా బమ్మెర దాకా కాలినడకన వెళ్ళాలన్న ఆలోచన నా మిత్రుడిది. వాళ్ళ పూర్వికులది ఆ ప్రాంతమే. శివరాత్రికి పాలకుర్తి గుట్టకు ఎడ్లబండ్ల మీద వెళ్ళిన పాత బాట గురించి వాళ్ళ నాయన తరచూ చెబుతుండేవాడట. బస్సెక్కితే ఒక్కపూటలో తేలిపోయే దూరానికి మూడు రోజులెందుకో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నా ఆశ వేరు. ద్విపదలో బసవపురాణం చెప్పిన సోమనాథుని ఊరి నుంచి భాగవతాన్ని తెనిగించిన పోతన ఊరికి నడిచి వెళ్ళడం కన్నా సాహిత్యాభిమానికి కావలసినదేముంది? పోతనది ఒంటిమిట్ట అనే మిత్రులు ఈ ఒక్కసారికి నన్ను మన్నించాలి.

సంక్రాంతి వెళ్ళిన వారంలో జనగామలో బస్సెక్కి, దేవరుప్పులలో దిగి, చాయ్ తాగి బయలుదేరాము. బాట ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. ఒకచోట రెండు వరుసల తాటిచెట్ల నడుమ బండిచక్రాల గాడి స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు వందల అడుగులు నడిచేసరికి అది వరిమడిలోకి దిగి మాయమవుతుంది. ఒకప్పుడు కరువుకు పేరుపడ్డ నేల ఇది. గోదావరి నీటిని దేవాదుల దగ్గర ఎత్తిపోసి ఇటు చెరువులు నింపడం మొదలైన తరువాత యాసంగిలోనూ నాట్లు పడుతున్నాయి. నీళ్ళు వచ్చినచోట బాటలు మునిగాయి. ఫిర్యాదు చేయడానికి మనమెవరం? చెప్పులు చేతబట్టుకుని ఒడ్ల మీద నడిచాము.

సాయంత్రానికి కడవెండి చేరాము. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరది. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడాయన. అప్పటికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. స్తూపం దగ్గర నిలబడగానే నాలోని ఉపన్యాసకుడు మేలుకున్నాడు. వెట్టి గురించి, అప్పుకిచ్చిన ధాన్యం మీద ధాన్యంగానే గుంజుకునే నాగువడ్డీ గురించి, నేను చదివిన పుస్తకాలన్నీ అక్కడే విప్పేశాను. మిత్రుడు ఒక్క మాటా మాట్లాడలేదు. పక్కనే అరుగు మీద కూర్చున్న ముసలాయన మమ్మల్ని చాలాసేపు చూసి, "ఎవలోళ్లు బిడ్డా మీరు?" అని అడిగాడు.

ఈ వైపు ఊళ్ళలో ఆ ప్రశ్నకు పేరు చెబితే చాలదు. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి మనుమడు అన్నీ అందులోనే ఉన్నాయి. నేను నా ఊరి పేరు చెప్పాను. మిత్రుడు చెప్పుల పట్టీ సరిచేసుకునే మిషతో వంగాడు, లేవలేదు.

ఆ రాత్రి ఒక ఎరిగినవారి వరండాలో పడుకున్నాము. దీపం ఆర్పిన తరువాత చెప్పాడు. వాళ్ళ తాత ఒక దొర దగ్గర లెక్కలు రాసేవాడు. ఎవరు ఎన్ని మానికలు తీసుకున్నారో, ఎన్ని బాకీ పడ్డారో, వెట్టికి ఏ ఇంటి నుంచి ఎవరు రావాలో, అన్నీ ఆయన చేతిరాతే. కొట్టినవాడు కాదు, తిట్టినవాడు కూడా కాదట. మంచి దస్తూరి అట.

ఇరవయ్యేళ్ళ స్నేహంలో ఒక్కసారీ చెప్పని మాట అది. నేనేమనాలి? "ఎంతమంది పేర్లు రాశాడురా?" అన్నాను. అడగవలసిన ప్రశ్న కాదని నోరు జారిన మరుక్షణమే తెలిసింది. "నాకేం తెల్సురా, పుట్టక ముందటి ముచ్చట" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు విసునూరు మీదుగా సాగిన నడక గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకరికొకరం ఇరవై అడుగుల ఎడంలో నడిచాము. నాకు కుడికాలి మడమ బొబ్బలెక్కింది, అతని దగ్గర దూది ఉన్నదని తెలిసీ అడగలేదు. మధ్యాహ్నం ఒక మర్రిచెట్టు కింద చద్దిమూట విప్పి, సగం రొట్టె నా ముందు పెట్టి వెళ్ళి దూరంగా కూర్చున్నాడు.

పాలకుర్తి చేరేసరికి పొద్దు వాలుతోంది. చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటను దొర మనుషుల పాలు కానీయకుండా సంఘం వాళ్ళు కోసి, ఆమె ఇంటికి చేర్చింది ఇక్కడే. ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. సోమేశ్వరుడు, నరసింహుడు చెరొక గుహలో ఉన్న గుట్ట ఎక్కి, రాతి మీద కూర్చున్నాము. ఉన్నవాళ్ళ భాషలో కాక జానుతెనుగులో, పాడుకునే ద్విపదలో, చాకలి, మేదరి భక్తుల కథలను కావ్యానికెక్కించిన కవి ఊరిది. ఆ సోమనాథుడూ పేర్లు రాసినవాడే గదా అన్న ఆలోచన వచ్చింది. పైకి అనలేదు. అంటే వెక్కిరింపు అనుకుంటాడేమోనని భయం. ఇంతలో దూది, టించరు సీసా నా పక్కన పెట్టి, "కాలు చూపెట్టు" అన్నాడు.

మూడవ నాడు బమ్మెర దారిలో ఒక పొలం దగ్గర నీళ్ళకు ఆగాము. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దామె నడుము నిలబెట్టి, మళ్ళీ అదే ప్రశ్న వేసింది. "ఎవలోళ్లు బిడ్డా?"

ఈసారి మిత్రుడు ఊరి పేరు చెప్పాడు, ఇంటి పేరు చెప్పాడు. అడగకుండానే, "మా తాత దొర దగ్గర లెక్కలు రాసెటోడు అవ్వా" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది.

ఆమె కొంచెంసేపు అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఆ లెక్కల బుక్కులు ఏమైనయి మరి?"

"మా నాయనమ్మ పొయ్యిల వెట్టింది."

"మంచిగ జేసింది" అని చేతిలోని నారుకట్ట విప్పి మళ్ళీ వంగింది. వంగి, తలెత్తకుండానే, "ఆ బిందెల నీళ్ళు సల్లగుంటయి, అవి తాగుర్రి" అన్నది.

బమ్మెరలో పోతన దున్నిన పొలమని ఒక చోటు చూపించారు. అక్కడ చాలాసేపు ఉండాలనే నేను ఇంటి దగ్గర అనుకున్నది. కానీ మడమ మంట, ఆకలి. పాలకుర్తి వైపు ఆటో వెళ్ళిపోతున్నదని ఎవరో కేకేశారు. మిత్రుడు ముందు పరుగెత్తి ఆటో ఆపి, నా సంచి కూడా తనే అందుకున్నాడు.